ఇంటి గాలిమరకి ఎంత గాలి కావాలి?

గాలి కరెంటుతో దీపాలు పెట్టుకున్న తొలి ఇల్లు స్కాట్లాండ్‌లోని మేరీకిర్క్‌లో ఉండేది. 1887 జులైలో జేమ్స్ బ్లైత్ అనే ప్రొఫెసర్ తన సెలవుల ఇంటి తోటలో గుడ్డ తెరచాపల గాలిమర నిలబెట్టి, దాంతో బ్యాటరీలు నింపి, ఇంట్లో దీపాలు వెలిగించాడు. మిగిలిన కరెంటుతో ఊరి వీధిలోనూ దీపాలు పెడతానంటే, అది దయ్యం పని అని ఊరివాళ్లు వద్దన్నారట. మరుసటి ఏడాది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ తన పెరట్లో 17 మీటర్ల వ్యాసమున్న చక్రాన్ని 144 రెక్కలతో కట్టాడు. అంత చక్రమూ ఇచ్చింది 12 కిలోవాట్లే. ఇప్పుడు మూడు రెక్కలతో, ఏడు మీటర్ల చక్రంతో దాదాపు అంత కరెంటు తీసే యంత్రాలున్నాయి.

యంత్రం బాగుపడింది సరే, గాలి మాత్రం అప్పటి గాలే. ఇంటి గాలిమర కొనాలనుకునేవాళ్లు యంత్రం గురించి పది ప్రశ్నలు వేసి, గాలి గురించి ఒక్కటీ అడగరు. చిక్కంతా అక్కడే వస్తుంది.

గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. రెండు మీటర్ల వ్యాసమున్న చక్రాన్ని తీసుకుందాం. సెకనుకి 12 మీటర్ల గాలిలో అది సుమారు ఒక కిలోవాట్ ఇస్తుంది, పెట్టె మీద అచ్చువేసేది ఆ అంకెనే. అదే చక్రం సెకనుకి 4 మీటర్ల గాలిలో ఇచ్చేది ముప్పై, నలభై వాట్లే. ఆకులు కదిలి, ముఖానికి హాయిగా తగిలే గాలి అది. మనం ‘మా ఇంటికి గాలి బాగా వస్తుంది’ అని మురిసిపోయేది చాలాసార్లు ఆ గాలిని చూసే.

సగటు వేగం ఒక్కటే చూసినా లెక్క తప్పుతుంది. రోజంతా సెకనుకి 4 మీటర్లు వీచే చోటు ఒకటి, సగం రోజు 2, సగం రోజు 6 మీటర్లు వీచే చోటు ఇంకొకటి అనుకోండి. రెండింటి సగటూ 4. ఘనాలు వేసి చూస్తే మొదటిదానికి 64, రెండోదానికి 8, 216ల సగటు, అంటే 112. ఏడాదిలో వచ్చే కరెంటులో పెద్ద వాటా బలంగా వీచిన కొద్ది గంటలదే. అందుకే కొనేముందు గాలి వేగమాపకం పెట్టి, వీలైతే ఏడాది పొడవునా కొలిచి చూడమంటారు.

వీచిన గాలిలోని శక్తినంతా పిండుకోవడమూ కుదరదు. అంతా లాగేస్తే గాలి రెక్కల వెనకే ఆగిపోయి, వచ్చే గాలికి దారి మూస్తుంది. ఎంత గొప్ప చక్రమైనా 59.3 శాతం దాటలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లో లెక్కగట్టాడు. చిన్న యంత్రాలకి నిజంగా దక్కేది పాతిక, ముప్పై శాతం.

ఇక మేడ మీద బిగించే సంగతి. బొమ్మల్లో ముచ్చటగానే ఉంటుంది. కానీ గోడకి కొట్టుకున్న గాలి కప్పు అంచు దగ్గర పైకి లేచి సుడులు తిరుగుతుంది. చక్రం ఒక దిక్కుకి తిరిగి కుదురుకునేలోగా గాలి ఇంకో దిక్కు నుంచి వస్తుంది. రెక్కలూ బేరింగులూ అరుగుతాయి, కరెంటు మాత్రం రాదు. పైగా ఆ అదురు స్తంభం గుండా దిగి గోడల్ని డోలులా మోగిస్తుంది. బ్రిటన్‌లో భవనాలకి బిగించిన 26 చిన్న గాలిమరల్ని కొలిచి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరమ్మతులకి ఆగిన రోజులూ కలుపుకుంటే ఒక్కోదాని సగటు రోజుకి 214 వాట్-గంటలు. యూనిట్‌లో ఐదో వంతు, పది వాట్ల బల్బు ఒక రోజు కూడా పూర్తిగా వెలగదు. ఆ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్లు కొన్నయితే గాలిమర ఇచ్చినదానికన్నా ఎక్కువ తిన్నాయి.

కాబట్టి చోటూ స్తంభమూ యంత్రమంత ముఖ్యం. నూటయాభై మీటర్ల చుట్టుపక్కల ఉన్న ఏ చెట్టు, ఏ కట్టడం కన్నా రెక్కల అడుగు అంచు కనీసం తొమ్మిది మీటర్లు పైన ఉండాలన్నది అనుభవం మీద తేలిన కొలత. బయలు నేల మీద 10 మీటర్ల ఎత్తు నుంచి 20కి వెళ్తే గాలి వేగం పదో వంతు పెరుగుతుంది, శక్తి మూడో వంతు. అంత స్తంభానికీ దాని పునాదికీ అయ్యే ఖర్చు ఒక్కోసారి యంత్రం ఖర్చుని మించుతుంది. అయినా అక్కడ పొదుపు చేయడం తెలివి అనిపించుకోదు.

ఇరుకు వీధుల్లో ఇళ్లున్నవాళ్లకి నా మాట సోలార్ ప్యానెలే. దానికి కదిలే భాగం లేదు, ఏటా బోల్టులు బిగించే పనీ లేదు. కరెంటు తీగ చేరని కొండ ఇల్లు, సముద్రపు గాలి సూటిగా తగిలే తోట, కనుచూపు మేర అడ్డులేని పొలం అయితే సంగతి వేరు. అలాంటి చోట ప్యానెళ్లకి తోడుగా గాలిమర చక్కగా పనికొస్తుంది. మబ్బు పట్టిన రోజునా, రాత్రివేళా బ్యాటరీ నింపడానికి అది ఆసరా.

కొనడానికి వెళ్తే ఎన్ని కిలోవాట్లని అడగకండి. ఏడాది సగటు గాలి సెకనుకి 5 మీటర్లుంటే ఏడాదికి ఎన్ని యూనిట్లు ఇస్తుందో అడగండి. చిన్న గాలిమరల్ని పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రాల్లో ఆ అంకె ఉంటుంది. మీ చోట కొలిచిన సగటు 5 కన్నా తక్కువైతే, రాబడి కూడా ఆ మేరకు కాదు, అంతకన్నా బాగా ఎక్కువగా పడిపోతుంది.