బలమున్నవాడిదే రాజ్యమైతే చట్టం ఎందుకు? పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

"బలమున్నవాడిదే రాజ్యం కదా, ఇంక ఐక్యరాజ్యసమితి దేనికి?" అని అడుగుతున్నారు. టీవీలో యుద్ధాలు చూస్తూ పెరుగుతున్న మీకు ఆ అనుమానం రావడం సహజం. కానీ జవాబు అప్పుడే తేల్చేసుకోవద్దు. ముందు ఆఫ్రికాలోని ఇథియోపియా సంగతి వినండి.

1935 అక్టోబరులో ఇటలీ నియంత ముస్సోలినీ సైన్యం ఆ దేశం మీద పడింది. ఇటలీ, ఇథియోపియా రెండూ ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితిలో సభ్యదేశాలే. నిబంధనలు కాలరాసి ఒక సభ్యదేశం మీద యుద్ధానికి దిగితే అందరి మీదా దిగినట్టేనని సమితి ఒప్పందంలో రాసుకున్నారు. ఆ మాట ప్రకారం ఇటలీపై ఆంక్షలు పెట్టారు. అయితే ఆ జాబితాలో చమురు లేదు. ట్యాంకులు, విమానాలు నడిచేదే దానితో! సూయజ్ కాలువనూ మూయలేదు, ఇటలీ సైనికుల ఓడలు అందులోంచే వెళ్లాయి. విషవాయువు వాడబోమని 1925లో జెనీవాలో సంతకం పెట్టిన ఇటలీయే విమానాల్లోంచి మస్టర్డ్ గ్యాస్ చల్లింది.

1936 జూన్ 30న ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ స్వయంగా జెనీవాలో ఆ సమితి సభలో నిలబడ్డారు. ఆయన మాట మొదలుపెట్టబోతుంటే ఇటలీ విలేకరులు ఈలలు వేసి గోల చేశారు. వాళ్లను బయటికి పంపేశాక, ఆయన తన అమ్హారిక్ భాషలో జరిగిందంతా చెప్పారు. సభ విన్నది. జులై మధ్యకల్లా ఆంక్షలు ఎత్తేసింది. ఇది ఎన్నిసార్లు తలచుకున్నా నాకు కడుపు మండుతుంది.

సమితిలో పెద్ద దేశాలైన బ్రిటన్, ఫ్రాన్స్ ఎందుకలా చేశాయి? గట్టిగా పట్టుబడితే ముస్సోలినీ వెళ్లి హిట్లర్ పక్కన చేరతాడని వాళ్ల టెన్షన్. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. తమ ప్రజల్ని కాపాడుకోవడం ఏ ప్రభుత్వానికైనా మొదటి బాధ్యతే. కానీ 1940 జూన్‌లో ఆ ముస్సోలినీయే ఆ రెండు దేశాల మీద యుద్ధం ప్రకటించాడు. న్యాయాన్ని వదులుకుని భద్రత కొనుక్కుందామనుకున్నవాళ్లు రెంటికీ చెడ్డ రేవళ్లయ్యారు.

మధ్యలో ఒకటి జరిగింది, దాన్ని మర్చిపోకండి. 1935 డిసెంబరులో బ్రిటన్ విదేశాంగ మంత్రి హోర్, ఫ్రాన్స్ ప్రధాని లావల్ కలిసి ఇథియోపియాలో పెద్ద భాగం ఇటలీకి ఇచ్చేద్దామని గుట్టుగా పథకం వేశారు. అది పారిస్ పత్రికలకు పొక్కింది. బ్రిటన్ జనం భగ్గుమన్నారు, హోర్ రాజీనామా చేయక తప్పలేదు. ఆ జనం చేతిలో ఉన్నది కోపం ఒక్కటే.

ఇక వీటో, అంటే ఒక్క దేశం వద్దన్నా తీర్మానం ఆగిపోయే అధికారం. నానాజాతి సమితిలో అమెరికా చేరనే లేదు. జపాన్, జర్మనీ 1933లో తప్పుకుంటున్నామని చెప్పేశాయి. పెద్ద దేశాలు లేని సభ మాట ఎవరూ వినరని తెలిసొచ్చి, 1945లో ఐక్యరాజ్యసమితి పెట్టినప్పుడు దాని భద్రతా మండలిలో అయిదు దేశాలకు వీటో ఇచ్చారు. అంటే బలానికి కావాలనే చోటిచ్చారు. దాని ఖరీదు పెద్దదే. 1986లో మధ్య అమెరికాలోని నికరాగువా అనే దేశం విషయంలో అమెరికా చట్టం మీరిందని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పిస్తే, ఆ తీర్పు అమలు చేయాలన్న తీర్మానాన్ని అమెరికాయే వీటో చేసింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై దాడిని ఖండించే తీర్మానాన్ని రష్యా వీటో చేసింది.

అయినా ఒకటి గమనించండి. దాడి చేసినవాళ్లెవరూ "మాకు బలముంది, చేశాం" అనరు. ఇథియోపియాలో బానిసత్వం రద్దు చేయడానికే వచ్చామంది ఇటలీ. ఆత్మరక్షణ అంది రష్యా. చట్టానికి విలువే లేకపోతే ఈ సాకులు వెతుక్కోవడం దేనికి? చుట్టూ ఉన్న దేశాలు, ఇంట్లో ఉన్న జనం ఒప్పుకోకపోతే యుద్ధం నడపడం కష్టమని వాళ్లకు తెలుసు కాబట్టి.

2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో 141 దేశాలు రష్యా దాడిని తప్పుబట్టాయి. 5 దేశాలు తీర్మానాన్ని వ్యతిరేకించాయి, 35 ఎటూ ఓటు వేయకుండా తటస్థంగా ఉండిపోయాయి. వాటిలో మన దేశమూ ఉంది. ఆ ఓట్ల పట్టిక వెతికి చూడండి, ఒక్కో దేశం ఏ కారణం చెప్పిందో చదవండి. మన దేశం చేసింది సరైనదేనా అన్నది మీరే ఆలోచించి నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య