కుడన్ వేరు, చిల్లంగి వేరు

ఏజెన్సీకి కొత్తగా పోస్టింగ్ వచ్చినవాళ్లు నెల తిరక్కుండానే నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫలానా గూడలో చిల్లంగి పెట్టేవాడు ఉన్నాడట కదా సార్?" ఎవరయ్యా అంటే సవర గిరిజనుల్లో పూనకంతో పలికే మనిషిని, కుడన్‌నే చూపిస్తారు. మలేరియా పనిమీద ఇరవై ఏళ్లుగా సీతంపేట కొండలు ఎక్కి దిగుతున్నాను. ఈ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అపోహ: కుడన్ అంటే చేతబడి చేసేవాడు.

వాస్తవం: చిల్లంగి అని జనం భయపడేది చాటుగా చేసే కీడుకి. కుడన్ పని ఊరందరి ముందూ జరుగుతుంది. సవరల నమ్మకంలో పోయినవాళ్లు ఒక్కసారిగా వెళ్లిపోరు. సోనుంలై, అంటే ఆత్మలై, తాము ఏ జబ్బుతో పోయారో దాన్నే తమవాళ్లకు తగిలిస్తారు. వాళ్లను పిలిచి, మాట్లాడించి, కోపం చల్లార్చి పెద్దల్లో కలపాలి. ఆ మాట్లాడించే మనిషే కుడన్. ఆడమనిషైతే కుడన్ బోయి.

ఒకసారి దగ్గరుండి చూశాను. కుడన్ బోయి నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని పాడుతూ పాడుతూ తల వాల్చేసింది. ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోతే ఇద్దరు మోకాళ్లూ మోచేతులూ వంచి సడలించారు. తర్వాత పలికింది ఆమె కాదు, జ్వరంతో పోయిన ఓ పిల్ల. తల్లి దండం పెట్టలేదు, దెబ్బలాటకు దిగింది. "మీ నాన్న మందుకెళ్లాడు కదే, కాసేపు ఆగలేకపోయావా?" పిల్ల కూడా తగ్గలేదు, నా కడియం ఎవరికిచ్చావని నిలదీసింది. పక్కవాళ్లు మధ్యలో దూరి ఇద్దరికీ సర్దిచెప్పారు. నాకు సవర సగమే వస్తుంది, మిగతాది మా ఆశా వర్కర్ చెవిలో చెప్పింది, కళ్లు తుడుచుకుంటూ.

ఇందులో చేతబడి ఎక్కడుంది?

తేడా తెలియకపోతే ఏం పోతుందంటే, ప్రాణం పోతుంది. జ్వరాలు వరసపెట్టిన ఏడు ఎవరో ఒక ముసలాయన మీద అనుమానం పుడుతుంది. మనం టీ తాగుతూ అన్న మాట "సార్లే అన్నారు" అని గూడకు చేరుతుంది. చిల్లంగి నెపంతో హత్య అని పేపర్లో చదివి అయ్యో అనుకునేది మళ్లీ మనమే. పక్కన ఒడిశాలో ఇలా ముద్ర వేసి వేధించడం మీద 2013లో ప్రత్యేక చట్టమే చేశారు. కుడన్లూ, ఎజ్జోళ్లనే పూజారులూ అందరూ మంచివాళ్లని నేననను. బతికున్న మనిషి మీదికి వేలు చూపించేవాడుంటే పోలీసులకు చెప్పాల్సిందే. ఇంట్లో జబ్బు మీద జబ్బు వస్తే ఎవరికైనా భయమేస్తుంది, అందులో తప్పులేదు. ముందు రక్తపరీక్ష చేయించండి.

అపోహ: వాళ్లు ఉన్నంతకాలం జనం ఆసుపత్రికి రారు.

వాస్తవం: రాకుండా చేసింది ఒకసారి నేనే. చేరిన కొత్తలో ఒక కుడన్ జబ్బు ఎందుకొచ్చిందో తేల్చడానికి చేటలో బియ్యం వేసి చూస్తుంటే అందరి ముందూ వెటకారం చేశాను. ఆ తర్వాత ఆ గూడలో నాకు ఒక్క జ్వరం కూడా చూపించలేదు. రెండు నెలలకు ఫిట్స్‌తో ఉన్న పిల్లాణ్ణి డోలీలో దించారు. ఫాల్సిపారం మలేరియా, మెదడుకు ఎక్కింది. బతికాడు, కానీ నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. వెళ్లి ఆ కుడన్‌ను క్షమించమని అడిగాను. "బియ్యం నేను చూస్తాను, రక్తం నువ్వు చూడు బాబూ" అన్నాడు. అప్పటినుంచి చలిజ్వరం అంటే ఆయనే నా దగ్గరికి పంపేవాడు. పాము కాటుకు మాత్రం ఈ సర్దుబాటు కుదరదు. ముందు ఇంజెక్షన్, ఆ తర్వాతే ఏదైనా.

మిగతా అపోహలు గబగబా. పూనకం తాగుడు వల్ల అంటారు. జీలుగు కల్లు ఉంటుంది నిజమే, అది ఊరంతా తాగుతుంది. డబ్బు గుంజుతారంటారు. నేను చూసినవాళ్లు మిగతావాళ్లలాగే పోడు కొట్టుకుని, జీడితోట చూసుకుని బతికేవాళ్లు. ముట్టేది కాస్త మాంసం, బియ్యం. ఇది మగవాళ్ల పని అనుకుంటారు. చావు తంతుల్లో పెద్దరికం చాలాచోట్ల ఆడవాళ్లదే. పాస్టర్లు వచ్చిన గూడల్లో ఈ కుడన్ బోయిలూ తగ్గిపోతున్నారు.

మొన్న ఆ కుడన్‌కే జ్వరమొచ్చింది. వేలు చాపి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "మెల్లగా గుచ్చు బాబూ, నాకు భయం."