తొలి జోళ్ళు కొనేముందు నేల చూడండి

మా పాప తొమ్మిది నెలల ఇరవై రోజులకి గోడ వదిలేసి నాలుగడుగులు వేసింది. ఆ ఆదివారమే మా అత్తమ్మ అరిసెలు వండింది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. ఒడిశాలోని మా పర్లాకిమిడి తెలుగిళ్ళలో ఈ ముచ్చట ఇంకా పోలేదు. గోరువెచ్చటి అరిసెల్ని పళ్ళెంలో వరసగా పరిచి, పాప రెండు చేతులూ పట్టుకుని వాటి మీద నడిపించింది. దింపాక చూస్తే అరిసెల మీద చిన్ని పాదాల అచ్చులు. అత్తమ్మ ఒక అరిసెని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఏటే, అరికాలు మొత్తం పడిపోయింది. మధ్యన వంపే లేదు. మరీ తొందరగా నడిచేసింది కదా, కాళ్ళకి బలం చాల్లేదేమో. గట్టి బూట్లు కొనండర్రా" అంది.

ఆ మాటతో నాకు టెన్షన్ పట్టుకుంది. మరుసటి వారం బరంపురం వెళ్ళినప్పుడు చీలమండ పైదాకా వచ్చే బూట్లు కొన్నాం. అడుగు మందంగా ఉంది. మడమ కింద నొక్కితే కీచుమనే పీక కూడా పెట్టారు. "ఇవైతే కాలు తిన్నగా వస్తుంది" అన్నాడు షాపతను. ఇంటికొచ్చి తొడిగితే, పొద్దుటిదాకా గచ్చు మీద గునగునా తిరిగిన పిల్ల బురదలో దిగబడినట్టు కాళ్ళు ఎత్తి ఎత్తి వేసింది. నాలుగడుగులకోసారి కూలబడింది. మూడో రోజుకి వెండి పట్టీ కింద చర్మం ఒరుసుకుపోయి బొబ్బ లేచింది. ఆ బొబ్బ చూశాకే నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. పాదంలో ఏదో లోటుందని, దాన్ని సరిచెయ్యాలని బూట్లు కొన్నాను. అసలు ఆ పాదంలో లోటేమీ లేదు. పిల్లల తొలి జోళ్ళు చెయ్యాల్సిన పని ఒక్కటే, బయటి నేల నుంచి కాపాడటం.

ముందు ఆ "తొందర" సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఎదుగుదలని గమనించి, 2006లో ఆ వివరాలు ప్రచురించింది. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలున్నారు. ఎవరి సాయం లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల లోపు ఎప్పుడైనా రావచ్చని తేలింది. సగటు పన్నెండు నెలల దగ్గర ఉంది. అంటే మా పాప ముందు వరసలో ఉంది, అంతే. వరస దాటిపోలేదు.

అయితే ముందు నడిచే పిల్లల విషయంలో ఒక మెలిక ఉంది. నడక ముందొచ్చిందని ఎముక ముందు రాదు. తొమ్మిదో నెలలో నడిచే పాదం తొమ్మిదో నెల పాదమే. పెద్దవాళ్ళ ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉంటాయి. పసిపాదంలో వీటిలో చాలాభాగం ఇంకా మృదులాస్థి. మన చెవి డొప్పలో, ముక్కు కొసన చేతికి తగిలే కోవలోది. పుట్టేనాటికి మడమ ఎముక, దాని మీద కూర్చునే ఎముక గట్టిపడటం మొదలై ఉంటాయి. పాదం వంపుకి నడుమ ఉండే పడవ ఆకారపు ఎముక మాత్రం బాగా ఆలస్యంగా, చాలామందిలో రెండేళ్ళు దాటాకే గట్టిపడటం మొదలుపెడుతుంది. ఏడాది పిల్లకి ఎక్స్‌రే తీస్తే ఆ చోట ఖాళీగా కనిపిస్తుంది. అక్కడ ఉన్నది ఎక్స్‌రేకి అందనంత మెత్తగా ఉంటుంది మరి.

ఇంత మెత్తటి పాదాన్ని బిగుతు బూటులో పెడితే పాప ఏడవకపోవచ్చు కూడా. పాదం బూటు ఆకారానికి ఒదిగిపోతుంది. నాకు అన్నిటికన్నా భయం వేసింది ఈ మాటకే. "ఏడవట్లేదు కదా, సరిపోయినట్టే" అని మనం అనుకుంటాం. అందుకే ముందు నడిచే బిడ్డకి మిగతావాళ్ళకన్నా మెత్తటి జోళ్ళు కావాలి. ఇంట్లో మేం అనుకున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

ఇక అరిసె మీద అచ్చు. పసిపిల్లల అరికాలి మధ్యలో కొవ్వు మెత్తలా నిండి ఉంటుంది. కీళ్ళని పట్టి ఉంచే బంధనాలు వదులుగా ఉంటాయి. రెండూ కలిసి ఆ వయసులో వంపుని కనపడనివ్వవు. వంపు నెమ్మదిగా, ఐదారేళ్ళు వచ్చేసరికి తేలుతుంది. కొందరిలో పదేళ్ళ దాకా పడుతుంది. తడి కాలితో గచ్చు మీద నడిస్తే ఏడాది పిల్లల అచ్చు ఎవరిదైనా చదునుగానే ఉంటుంది. నమ్మకపోతే అంగన్‌వాడీకి వెళ్ళి చూడండి.

చదును పాదానికీ బూటుకీ ఉన్న సంబంధం గురించి బాగా తెలిసిన పరిశోధనల్లో ఒకటి మన దక్షిణాదిలోనే జరిగింది. ఉదయభాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ అనే ఇద్దరు డాక్టర్లు 4 నుంచి 13 ఏళ్ళ లోపు పిల్లలు 2,300 మంది పాదాల అచ్చులు తీసి, 1992లో ఫలితం ప్రచురించారు. జోళ్ళు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం. వట్టి కాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 శాతమే. వేసుకునేవాళ్ళలో కూడా వేళ్ళు పూర్తిగా మూసేసే బూట్లవాళ్ళలో ఎక్కువ, చెప్పులవాళ్ళలో తక్కువ. 1995లో 1,846 మంది పెద్దవాళ్ళని చూసినప్పుడు, పదహారేళ్ళ వయసు దాకా జోళ్ళు వేసుకోనివాళ్ళలో చదును పాదాలు తక్కువని తేలింది. ఒకసారి అచ్చు తీసి చూసినంతమాత్రాన బూట్లే కారణమని రుజువైపోదు. కానీ బూటు వేస్తేనే వంపు వస్తుందన్న మాటకి మాత్రం ఇందులో ఎక్కడా ఆధారం దొరకదు.

"కాలిని సరిచేసే" బూట్లనీ పరీక్షించారు. అమెరికాలో చదును పాదాలున్న చిన్నపిల్లలకి కొందరికి ప్రత్యేకమైన బూట్లు, కొందరికి బూటులో పాదం కింద పెట్టే బిళ్ళలు, కొందరికి మామూలు బూట్లే ఇచ్చి మూడేళ్ళు చూశారు. 1989లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం అన్ని గుంపుల్లోనూ వంపు మెరుగుపడింది, ఒకేలా మెరుగుపడింది. ఆ పని చేసింది వయసు. షాపతను నాతో అన్న మాట ఆయన కావాలని చెప్పిన అబద్ధం అనుకోను. ఆయనకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. కానీ ఆ మాట నమ్మి అప్పుచేసి ఖరీదైన బూట్లు కొనే తల్లిదండ్రుల్ని తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

దొడ్డికాళ్ళ భయం కూడా ఇలాంటిదే. తొందరగా నడిస్తే కాళ్ళు వంకరపోతాయని మా పక్కింటి ఒడియా మావుసీ కూడా అంది. పుట్టిన పిల్లలందరికీ కాళ్ళు కాస్త విల్లులా ఉంటాయి. రెండేళ్ళు వచ్చేసరికి తిన్నబడతాయి. మూడు నాలుగేళ్ళకి మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేలా అవుతాయి, ఆపైన మళ్ళీ సర్దుకుంటాయి. రెండేళ్ళు దాటినా వంకర పెరుగుతుంటే, ఒక కాలే వంగి ఉంటే, కుంటుతుంటే, పాదం బిగుసుకుపోయి ఉంటే, పద్దెనిమిది నెలలకీ నడవకపోతే డాక్టరుకి చూపించాలి. షాపులో దొరికేదేదీ వీటికి మందు కాదు.

ఇంట్లో మాత్రం వట్టి కాళ్ళే. న్యూయార్క్‌లో 12 నుంచి 19 నెలల పిల్లల ఆటని వీడియో తీసి లెక్కపెడితే, గంటకి సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. ఇది 2012 నాటి లెక్క. అన్ని అడుగుల్లోనూ అరికాలి చర్మం నేల చల్లదనం, జారుడు, వాలు కనిపెట్టి ఒంటికి చెబుతూనే ఉంటుంది. వేళ్ళు విచ్చుకుని నేలని పట్టుకుంటాయి. మందపాటి బూటు అడుగు మధ్యలో పెడితే ఆ కబురు సరిగా అందదు. పాప పాలిష్ బండల మీద తిరుగుతుంటే మేజోళ్ళు కూడా వద్దు, జారుతాయి.

మరి వట్టి కాళ్ళు అంత మంచివైతే బయట కూడా అలాగే వదిలెయ్యొచ్చా? మా ఊళ్ళో కుదరదు. మహేంద్రతనయ ఒడ్డుకి, పెరట్లోకి, మామిడితోటలోకి వెళ్ళే పిల్ల కాలికింద ఏముంటుందో ఒక్కసారి వంగి చూడాలి. పల్లేరు కాయలు, గాజు పెంకులు, మేకులు. వాన వెలిశాక రాతి సందుల్లో తేళ్ళు. మే నెలలో పన్నెండింటికి తారు రోడ్డు గాలికన్నా ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. మన అరచెయ్యి వెనకభాగం ఐదు సెకన్లు ఆనించలేని చోట బిడ్డ పాదం పెట్టకూడదు.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది కంటికి కనిపించదు. పేగుల్లో ఉండే కొంకి పురుగు (హుక్‌వార్మ్) గుడ్లు మలంతో పాటు మట్టిలో పడతాయి. నీడ, తడి, వెచ్చదనం ఉన్న వదులు నేలలో ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఐదు నుంచి పది రోజుల్లో చర్మంలోంచి దూరే శక్తి సంపాదించుకుంటాయి. ఇది చర్మంలోంచి కూడా వస్తుందని కనిపెట్టినది ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త. 1890ల చివర్లో కైరోలో పరిశోధన చేస్తుండగా పురుగు పిల్లలున్న నీళ్ళు పొరపాటున ఆయన చేతి మీద ఒలికాయి. ఆ చోట మంట, దురద పుట్టింది. కొన్ని వారాలకి తన మలంలోనే కొంకి పురుగు గుడ్లు కనిపించాయి. కాలి వేళ్ళ సందులోంచి దూరిన పురుగు నెత్తురుతో ఊపిరితిత్తులకి చేరి, గొంతులోకి పాకి, మింగినప్పుడు పేగుల్లో దిగుతుంది. అక్కడ అతుక్కుని నెత్తురు పీలుస్తుంది. పసిపిల్లకి ఉన్న నెత్తురే తక్కువ. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో వేసే నులిపురుగుల మాత్ర దీనికి కూడా పనిచేస్తుంది. ఏడాది నిండాకే వేస్తారు, రెండేళ్ళ లోపు వాళ్ళకి సగం మాత్రే. అంతవరకూ బయట అడ్డుగా నిలబడేవి జోళ్ళే. ఆరుబయట మలవిసర్జన ఇంకా సాగుతున్న చోట వాటిని మరిచిపోయి గడప దాటించకండి.

కాబట్టి వెతకాల్సింది ముల్లు దిగనివ్వని, తడి మట్టి తగలనివ్వని, అయినా పాదం తన పని తాను చేసుకోనిచ్చే జత. మేం జోళ్ళంటాం, మావుసీ జోతా అంటుంది. పేరేదైనా చేతిలోకి తీసుకుని వంచి చూడాలి. రెండు వేళ్ళతో నొక్కితే కాలివేళ్ళ మొదలు వచ్చే చోట సులువుగా వంగాలి. మన పాదం వంగేది అక్కడే. మధ్యలో మడతపడితే పనికిరాదు, అసలు వంగకపోతే అంతకన్నా పనికిరాదు. అడుగు పలచగా, జారకుండా గరుగ్గా, మడమ దగ్గర ఎత్తు లేకుండా ఉండాలి. ముందుభాగం బిడ్డ వేళ్ళు విచ్చుకునేంత వెడల్పుండాలి. సన్నగా కోసుగా ఉన్నవి ఎంత ముద్దొచ్చినా పక్కన పెట్టెయ్యండి. మా నేలకి ముందు మూసిన జోళ్ళే కావాలి, గంట రెండు గంటలే వేస్తాం కనక ఇబ్బంది లేదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ లక్షమందికి పైగా మనవాళ్ళ పాదాలు కొలిపించింది. మన పాదాలు యూరప్, అమెరికావాళ్ళ పాదాలకన్నా వెడల్పని తేలింది. అందుకే మన దేశానికి "భా" అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. బయటిదేశాల అచ్చుతో చేసిన బూటు పొడవు సరిపోయినా పక్కల్లో నొక్కేది ఇందుకే.

వెనక పట్టీ లేనివి, బొటనవేలి సందున పట్టుకోవాల్సిన హవాయి చెప్పులు ఈ వయసుకి వద్దు. జారిపోకుండా పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకోవాల్సి వస్తుంది. చీలమండ కట్టేసే ఎత్తు బూట్లూ వద్దు, కాళ్ళకి వెండి పట్టీలు పెట్టిన పిల్లలకైతే అసలే వద్దు. కీచు బూట్ల విషయంలో మా ఇంట్లో చాలా మాటలయ్యాయి, తాతయ్యకి ఆ చప్పుడంటే ఇష్టం. పీక పట్టాలంటే మడమ కింద మందం పెట్టక తప్పదని వంచి చూపించాక ఆయనే వాటిని అటక మీద పెట్టేశారు.

కొలత సాయంత్రం తియ్యాలి, నడిచి నడిచి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పాపని అట్ట మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీత గీయాలి. పడుకోబెట్టి తీసిన కొలత తక్కువ వస్తుంది. మడమ నుంచి పొడవైన వేలి దాకా కొలిచి, పెద్దదానికి సెంటీమీటరు పైన కాస్త కలపాలి. షాపులో బూటు మీద నొక్కి చూడటం నమ్మకండి, పిల్లలు లోపల వేళ్ళు ముడిచేస్తారు. లోపలి మెత్తని బయటికి లాగి, దాని మీద పాపని నిలబెడితే ఎంత ఖాళీ ఉందో కళ్ళకి కనిపిస్తుంది. పెరుగుతుంది కదా అని రెండు సైజులు పెద్దవి తీసుకుంటే తట్టుకుని పడుతుంది.

మా పాప గీతలు పాత క్యాలెండరు అట్ట వెనక ఉన్నాయి. మొదటిది 11.4 సెంటీమీటర్లు. మూడు నెలలకి గీసింది దాన్ని దాటి ముందుకొచ్చేసింది. రెండు మూడు నెలలకోసారి గీస్తున్నాను. మొన్న గీస్తుంటే అత్తమ్మ అట్ట కదలకుండా పట్టుకుంది. పాప బొటనవేలు చక్కగా విచ్చుకుని గీత దాటి పక్కకి వచ్చింది. "ఉండవే, మళ్ళీ గియ్యి, వేలు తెగిపోయింది" అంది.