మౌంటెన్ బైకింగ్: అడవి బాటల మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో, వికారాబాద్ వైపు ఎర్రమట్టి బాటల్లో కొత్తవాళ్లకు మౌంటెన్ బైకింగ్ నేర్పుతుంటాను. మోటారు బండి కాదు, లావు టైర్ల గేర్ సైకిల్. కాలేజీ పిల్లలు వస్తారు, సాఫ్ట్‌వేర్ వాళ్లు వస్తారు, రిటైరయ్యాక వచ్చేవాళ్లూ ఉన్నారు. వయసు ఏదైనా, వాళ్ల అనుమానాలు మాత్రం ఇంచుమించు ఒకటే. ఎక్కువగా వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది కుర్రాళ్లు కొండ మీంచి దూకే ఆట.

ఫోన్లో కనిపించే వీడియోలన్నీ అవే కాబట్టి అలా అనిపిస్తుంది. అది డౌన్‌హిల్ అనే ఒక రకం మాత్రమే. 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో ఆడుతున్నది క్రాస్ కంట్రీ. అందులో దిగడం ఎంతో ఎక్కడమూ అంతే, దమ్ము ఉన్నవాడే గెలుస్తాడు. 2023లో ఆసియా మౌంటెన్ బైక్ పోటీలు మన పక్కనే, కేరళలోని పొన్ముడిలో జరిగాయి. మా మొదటి రోజు పాఠం మాత్రం ఏ ఊళ్లో అయినా చెరువు కట్ట మీదే. కట్ట మీద తొక్కడం, పక్క వాలులో దిగడం, ఆగడం. అరవై దాటినవాళ్లు కూడా హాయిగా చేస్తారు.

అపోహ: లక్షలు పెట్టి ముందూ వెనకా షాక్స్ ఉన్న సైకిల్ కొంటేనే అడవిలోకి వెళ్లాలి.

ముందు మాత్రమే షాక్స్ ఉండే సైకిల్‌ను హార్డ్‌టెయిల్ అంటారు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు 100 నుంచి 120 మిల్లీమీటర్లు ఆడితే మన బాటలకు బ్రహ్మాండంగా సరిపోతుంది. పైగా తప్పుగా తొక్కితే వెంటనే నడుముకి తెలుస్తుంది కాబట్టి తొందరగా నేర్చుకుంటారు. డబ్బులు బ్రేకుల మీద, టైర్ల మీద పెట్టండి. ఫ్రేము మీ ఎత్తుకు సరిపోవాలి. తక్కువ ధరకు, సీటు కింద లావుపాటి స్ప్రింగు పెట్టి అమ్మేవి ఉంటాయి చూడండి, వాటి జోలికి వెళ్లొద్దు. బరువెక్కువ, ఎక్కేటప్పుడు మీరు తొక్కే బలంలో సగం ఆ స్ప్రింగే తినేస్తుంది అనిపిస్తుంది.

హెల్మెట్ గురించి అపోహ వాస్తవం ఏమీ లేదు. లేకపోతే నాతో రావొద్దు.

అపోహ: ముందు బ్రేకు పడితే పల్టీ కొడతాం.

"అన్నా, ముందు బ్రేకు ముట్టుకోవద్దని మా నాన్న చెప్పాడు" అనని కొత్త రైడర్ నాకు అరుదు. చిన్నప్పుడు అందరికీ ఎక్కిన పాఠమే ఇది, ఊడబెరకడం చాలా కష్టం.

బ్రేకు వేయగానే మన బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది. అప్పుడు నేలను గట్టిగా పట్టేది ముందు టైరే. వెనక చక్రం తేలికైపోతుంది, దాన్ని ఎంత బిగించినా జారుతుంది తప్ప ఆగదు. 1970ల్లో కాలిఫోర్నియాలో మౌంట్ టమాల్పాయస్ చుట్టుపక్కల కొండల మీంచి పాత సైకిళ్లతో దిగినవాళ్లకు ఇది బాగా తెలిసొచ్చింది. ఆ సైకిళ్లలో చాలావాటికి బ్రేకు వెనక చక్రం మధ్యలోని హబ్‌లోనే ఉండేది. కింది దాకా వచ్చేసరికి గ్రీజు కాలి పొగలొచ్చేవి, మళ్లీ గ్రీజు నింపితే తప్ప ఇంకోసారి దిగడానికి పనికొచ్చేవి కావు.

నమ్మకం కుదరకపోతే ఇలా చేసి చూడండి. పెద్ద రాళ్లు లేని మొరం వాలు ఎంచుకోండి. మొదట వెనక బ్రేకు ఒక్కటే పట్టి దిగండి. చక్రం బిగుసుకుని జర్రున జారుతుంది, సైకిల్ తోక ఒక పక్కకి తిరుగుతుంది, ఆగేసరికి మీరు అనుకున్న చోటు దాటిపోయి ఉంటారు. నేల మీద పొడవాటి గీత కనిపిస్తుంది. ఇప్పుడు మళ్లీ పైకెళ్లి రెండు బ్రేకులూ కలిపి వేయండి, ఒక్కో చేతి చూపుడు వేలితో మాత్రమే. ఒక్కసారిగా లాగొద్దు, కొద్దికొద్దిగా బిగించండి. సీటు మీంచి లేచి నడుము వెనక్కి తోయండి, మోచేతులు వంచండి, రెండు పెడల్సూ ఒకే ఎత్తులో పెట్టి మడమలు కిందికి నొక్కండి. గీత పడదు. చాలా ముందే ఆగుతారు.

పల్టీ కొట్టేవాళ్లు ముందు బ్రేకు వేసినందుకు కొట్టరు. చేతులు కర్రల్లా బిగదీసుకుని, సీటు మీద కూర్చునే ఉండి, భయంతో ఒక్క లాగు లాగినందుకు కొడతారు. ఒక జాగ్రత్త మాత్రం నిజం: మలుపు మధ్యలో వదులు మట్టి ఉంటే ముందు బ్రేకు వదిలేయాలి. వేగం తగ్గించే పని మలుపు రాకముందే అయిపోవాలి. ఇంకోటి, మన దగ్గర చాలా సైకిళ్లకు ముందు బ్రేకు కుడిచేతి వైపు ఉంటుంది, అన్నిటికీ కాదు. అరువు సైకిల్ ఎక్కేముందు పట్టి చూసుకోండి.

అపోహ: నెమ్మదిగా పోతే పడం.

వేర్ల మీద, గుండ్ల మధ్య మరీ నెమ్మదిగా పోతేనే పడతారు. చక్రం రాయికి ఆనుకుని అక్కడే నిలిచిపోతుంది. పరిగెత్తమని కాదు, దొర్లుతూ ఉండమని. చూపు చక్రం ముందు కాదు, నాలుగైదు సైకిళ్ల దూరంలో ఉండాలి. ఏ రాయి తప్పించాలా అని దాన్నే చూస్తే సైకిల్ నేరుగా ఆ రాయి మీదికే పోతుంది!

అపోహ: టైర్లలో గాలి గట్టిగా ఉంటే పంచర్ కాదు.

షాపులో గాలి 50, 60 పీఎస్ఐ కొట్టించుకుని వస్తారు. ఆ టైరు మొరం మీద గంతులేస్తుంది తప్ప పట్టదు. మనిషి 65, 70 కిలోలుండి, టైరు 2.2 అంగుళాలదైతే, ట్యూబ్ ఉంటే 30 పీఎస్ఐ దగ్గర, ట్యూబ్‌లెస్ అయితే 25 దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ మార్చి చూసుకోండి. మరీ తగ్గిస్తే రాయికి, రిమ్ముకి మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. ఇక సర్కారు తుమ్మ ముల్లుకి మీ పీఎస్ఐతో పనిలేదు, ఎంత ఉన్నా దిగుతుంది. దానికి విరుగుడు టైరులో చిల్లు పూడ్చే సీలెంట్ ద్రవం, బ్యాగులో ఒక స్పేర్ ట్యూబ్.

అపోహ: ఆ ట్రైల్ ఈజీ అట, ఎవరైనా పోవచ్చు.

ఇది అన్నిటికన్నా ప్రమాదం. విదేశాల్లో తీర్చిదిద్దిన ట్రైల్స్‌కు రంగు బోర్డులు ఉంటాయి. అమెరికాలో ఎక్కువగా వాడే పద్ధతిలో పచ్చ వృత్తం సులువు, నీలం చదరం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. అది నోటిమాట కాదు, కొలతలున్నాయి. పచ్చ బాట కనీసం 36 అంగుళాల వెడల్పు ఉండాలి, తప్పించుకోలేని అడ్డంకి 2 అంగుళాలకు మించకూడదు. నీలానికి 24 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల అడ్డంకి. నలుపుకి 12, 15. సగటు వాలు పచ్చలో 5 శాతం, నీలంలో 10, నలుపులో 15 దాకా ఉండొచ్చు.

మన బాటలు పశువులూ మేకలూ కట్టెలవాళ్లూ తిరిగి పడ్డవి. ఎవరూ కొలవలేదు, బోర్డు పెట్టలేదు. అదే బాట జనవరిలో పచ్చ, వాన కోత పెట్టాక ఆగస్టులో నలుపు. ఎక్కితే నీలం, అదే దిగితే నలుపు. ఎండలో గ్రానైట్ బండ టైరుని వదలదు, నాచు పట్టి తడిసిందంటే అదే బండ మీద నిలబడలేం. అందుకే కొత్త బాటను మొదటిసారి నడిచి చూడమంటాను. నడుస్తూ మూడు చూడండి: ఆగడానికి చోటుందా, మలుపు అవతల ఏముంది, తప్పితే ఎటు పడతాం. ఒక పక్క లోయ ఉంటే బాట ఎంత నున్నగా ఉన్నా కొత్తవాళ్లకు కాదు. దిగి సైకిల్ నడిపించుకుపోవడంలో నామోషీ ఏమీ లేదు, నేనూ నడిపిస్తాను.

అపోహ: వానలో బురద తొక్కితేనే మజా.

తాండూరు వైపు నల్లరేగడిలో ఒక్కసారి తొక్కితే ఆ సరదా తీరిపోతుంది. మట్టి టైరుకి చుట్టుకుని, ఫోర్కు దగ్గర ఇరుక్కుని, చక్రం అసలు తిరగదు. పుల్లతో గీకి పది అడుగులు పోతే మళ్లీ అదే కథ. సైకిల్ భుజాన వేసుకుని రావాల్సిందే. ఇసుక కలిసిన ఎర్రమట్టి తొందరగా ఆరుతుంది, రేగడి రోజుల తరబడి ఆరదు. టైరు గుర్తు లోతుగా దిగబడుతుంటే వెనక్కి తిరగండి. ఆ గాడిలోనే మళ్లీ వాన నీళ్లు పారి బాట కోసుకుపోతుంది.

అపోహ: అడవి అందరిదీ, పర్మిషన్ దేనికి?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో తిరగడానికి అనుమతి తప్పనిసరి. నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయినా, విశాఖ పక్కన కంబాలకొండ అయినా అంతే. మిగతా రిజర్వ్ ఫారెస్టుల్లో కూడా ముందు అటవీ శాఖ వాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే వద్దు. ఎలుగుబంట్లు తిరిగే చోట పొద్దు వాలాక, తెల్లారకముందు అసలే వద్దు.

బాట మీద మేకల మంద ఎదురైతే దిగి పక్కన నిలబడండి. ముందు వాగులో నీళ్లు ఎంత ఉన్నాయో, తేనెతుట్టె ఏ చెట్టుకుందో కాపరికి తెలిసినంత మీ ఫోన్లో మ్యాపుకి తెలియదు, ఆయన్ని అడగండి. బెల్లు మాత్రం కొట్టొద్దు. మేకలు బెదిరి తలో దిక్కుకి పోయాయంటే, వాటిని మళ్లీ ఒకచోటికి తోలేసరికి ఆయనకు పొద్దు గూకుతుంది.