ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లిష్: పిల్లల మాటల పరీక్షపై అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో చిన్నపిల్లల భాషను పరీక్షించే స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లిష్. 'రెండు భాషల వల్లే మావాడికి మాటలు రావడం లేదా?' అని వాళ్ల తల్లులు అడిగే ప్రశ్ననే ఇక్కడి తెలుగు తల్లులూ అడుగుతారు.

అపోహ: రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయి.

వాస్తవం: కావు. చాలాసార్లు తప్పు మన లెక్కలోనే ఉంటుంది. రెండేళ్లకు కనీసం 50 మాటలు పలకాలి, రెండేసి మాటలు కలపాలి అన్నది మేము చూసే గుర్తు. ఒక పాప స్పానిష్‌లో 35, ఇంగ్లిష్‌లో 25 మాటలు పలుకుతుంది అనుకుందాం. ఏ ఒక్క భాషలో చూసినా తక్కువే, కలిపితే 60. 'లెచె', 'మిల్క్' రెండూ పాలే కాబట్టి, అలాంటి జంటలను ఒకటిగా లెక్కించే పద్ధతి కూడా ఉంది. రెండు భాషలనూ కలిపి చూస్తే ఈ పిల్లలు ఒకే భాష మాట్లాడే పిల్లలకు తీసిపోరని పియర్సన్, ఫెర్నాండెజ్, ఓలర్ అనే పరిశోధకులు 1993లోనే చూపించారు.

అపోహ: ఇంగ్లిష్ పరీక్షను స్పానిష్‌లోకి అనువదిస్తే సరిపోతుంది.

వాస్తవం: నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే మాట ఇది. గాలిపటం బొమ్మ చూపి పేరడిగితే మెక్సికో పిల్ల 'పాపలోతె' అంటుంది, ప్యూర్టోరికో పిల్లవాడు 'చిరింగా' అంటాడు. 'గ్వాగ్వా' అంటే క్యూబాలో బస్సు, చిలీలో పసిపాప! జవాబుల కాగితంలో ఒక్క పేరే ఉంటే మిగతావాళ్లంతా తప్పినట్టే. వ్యాకరణం చిక్కు ఇంకా పెద్దది. భాషాలోపం ఉన్న పిల్లలు ఇంగ్లిష్‌లో భూతకాలపు 'ఎడ్' దగ్గర తడబడతారు. స్పానిష్‌లో అయితే నామవాచకానికి ముందొచ్చే 'ఎల్', 'లా' దగ్గర, 'దాన్ని' అనే అర్థంలో క్రియను అంటిపెట్టుకునే 'లో', 'లా' దగ్గర తడబడతారు. ఇంగ్లిష్ నుంచి తెచ్చిన అనువాదం వీటిని అడగనే అడగదు. అందుకే నాలుగు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు 'బెసా' వంటి, రెండు భాషలకూ విడివిడిగా తయారైన పరీక్ష వాడతాం. స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్‌లో తెలివితేటల పరీక్ష పెట్టి, మానసిక వైకల్యం ఉన్నవారి తరగతుల్లో కూర్చోబెట్టినందుకే కాలిఫోర్నియాలో 1970 నాటి డయానా కేసు నడిచింది.

అపోహ: ఇంగ్లిష్‌లో తప్పులు వస్తే లోపమే.

వాస్తవం: నిరుడు ఒక నాలుగేళ్ల బాబు వెంట టీచరు రాసిన తప్పుల చిట్టా కూడా వచ్చింది. మొదటిది 'ఈజ్ మై డాగ్'. ముందు ఉండాల్సిన 'ఇట్' ఏమైందని ఆవిడ బాధ. తెలుగులో 'వచ్చాను' అంటే వచ్చింది నేనేనని తెలిసినట్టే, స్పానిష్‌లోనూ క్రియే కర్తను చెబుతుంది. వాడు ఇంటి అలవాటునే బడికి తీసుకెళ్లాడు. రెండో తప్పు 'ఎస్కూల్'. మా తాతయ్య జీవితాంతం 'ఇస్కూలు' అనే అన్నారు, ఆయన భాషకేమీ లోపం లేదు.

రెండు భాషలూ కలిపి మాట్లాడటమూ లోపం కాదు. ఆ మాటకొస్తే మన ఇళ్లలో కలపనిది ఎవరు? 'ఇంట్లో స్పానిష్ మానేయండి' అనే సలహా మాత్రం హానే చేస్తుంది. అమ్మ తనకు బాగా వచ్చిన భాష మానేస్తే పిల్లకు దక్కేది వచ్చీరాని ఇంగ్లిష్, అమ్మమ్మతో మాటల్లేని ఇల్లు.

అపోహ: రెండు భాషలు కదా, ఆగితే అదే సర్దుకుంటుంది.

పై వాటిని వదిలించుకున్నవారు పడే గొయ్యి ఇది. అసలైన లోపం రెండు భాషల్లోనూ కనిపిస్తుంది, దానికి ఆగడం మందు కాదు. కాబట్టి 'వీడి వయసులో అక్క ఎలా మాట్లాడేది?' అని ఇంట్లోవాళ్లను అడుగుతాను. రోజులో ఏ భాష ఎంతసేపు వింటాడో రాసుకుంటాను. ఆ తర్వాత ఒక కొత్త మాట నేర్పి, దాన్ని ఎలా పట్టుకుంటాడో చూస్తాను.

టీచరు చిట్టాతో వచ్చిన ఆ బాబుకు గుడ్లు గిలక్కొట్టే తీగల గరిటె చూపించాను. పేరు ఏ భాషలోనూ తెలియదు. ఆడుకుంటూ మూడు నాలుగుసార్లు 'బతిదోర్' అన్నాను. పావుగంట తర్వాత అది బల్ల మీద నుంచి జారింది. వాడు వంగి చూసి, 'సె కయో ఎల్ బతిదోర్' అన్నాడు. బతిదోర్ పడిపోయిందట, 'ఎల్'తో సహా. ఒక్క వాక్యంతో ఏదీ తేల్చం గానీ, నివేదికలో మొదట రాసింది మాత్రం దాన్నే.