సెలవుల్లో లైబ్రరీ, 9–12 ఏళ్ల పిల్లలు: అపోహలు - వాస్తవాలు

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల్ని బొమ్మల పుస్తకం చుట్టూ కూర్చోబెడితే "మేమేమైనా చిన్నపిల్లలమా?" అంటారు. పెద్దపిల్లల గదిలోకి పంపితే తలుపు దగ్గరే ఆగిపోతారు. అటూ ఇటూ కాని ఈ ఈడులో చదువు మీద ఇష్టం నిలబడాలంటే ఒకటే దారి: ఏం చదవాలో వాళ్లే ఎంచుకోవాలి. వేసవి కార్యక్రమం పెట్టే లైబ్రరీ సిబ్బందీ తల్లిదండ్రులూ మంచి మనసుతో చేసే పనులే కొన్నిసార్లు ఆ ఎంపికను పిల్లల చేతుల్లోంచి లాగేసుకుంటాయి.

అపోహ: ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు బహుమతి పెడితే అందరూ చదువుతారు.

వాస్తవం: రెండో వారం తిరిగేసరికి ఆ పోటీ నలుగురి మధ్యే మిగులుతుంది. మిగతావాళ్లు ఎలాగూ గెలవలేమని మానేస్తారు. పోటీలో ఉన్నవాళ్లేమో పలచటి పుస్తకాలు వెతుక్కుంటారు. మూడొందల పేజీల నవల మొదలుపెట్టిన పిల్ల జాబితాలో అట్టడుగున ఉంటుంది. నిజానికి మనం కోరుకున్నది ఆ పిల్లనే.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమున్న పసిపిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. తర్వాతి రోజుల్లో ఖాళీ దొరికినా ఆ పిల్లలు పెన్నుల జోలికి వెళ్లడం తగ్గింది. ముందుగా చెప్పకుండా అదే పత్రం ఇచ్చిన పిల్లల్లో ఈ తగ్గుదల కనబడలేదు. వాళ్లు ఇంకా బడికి వెళ్లని ఈడువాళ్లు కాబట్టి పదేళ్ల పిల్లలకు అచ్చంగా ఇదే జరుగుతుందని అనలేం. అయినా పుస్తకానికింత అని ఎర వేసే ముందు ఒకసారి ఆలోచించాల్సిన విషయమే.

దానికి బదులు సమయాన్ని లెక్కపెట్టండి. ఒక కార్డు మీద 30 గడులు గీయండి. 20 నిమిషాలు చదివితే ఒక గడి నింపుకోవచ్చు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలకు సరిపోతుంది. అంతా కలిపితే పది గంటలు. కార్డు నింపిన ప్రతి ఒక్కరికీ ఒకే బహుమతి ఇవ్వండి, అది కూడా వాళ్లే ఎంచుకున్న పుస్తకమైతే మేలు. గడుల మీద తేదీలు మాత్రం వేయొద్దు. తేదీ ఉంటే ఊరెళ్లి పది రోజులు చదవని పిల్లకు కార్డు నిండా ఖాళీలే కనిపిస్తాయి, ఇక లైబ్రరీకి రావడమే మానేస్తుంది. కార్డులు పోవడం మామూలే. అందుకే అసలు కార్డు లైబ్రరీలోనే ఒక డబ్బాలో పేర్ల వరసలో ఉంచి, ఇంటికి చిన్న చీటీ ఇవ్వండి.

అపోహ: సెలవుల్లో చదవకపోతే ఏడాదంతా నేర్చుకున్నది పోతుంది.

వాస్తవం: సెలవుల్లో చదువు వెనకబడుతుందని 1970ల నుంచీ పరిశోధనలు చెబుతూ వచ్చాయి. ఎంత వెనకబడుతుంది, ఎవరు ఎక్కువ వెనకబడతారు అన్న దానిపై పరిశోధకులకే ఏకాభిప్రాయం లేదు. వాడిన పరీక్షను బట్టి ఫలితం మారుతోంది. ఈ భయం చూపించి పిల్లల్ని కూర్చోబెడితే లైబ్రరీ ఇంకో ట్యూషన్‌లా తయారవుతుంది.

అపోహ: పిల్లల స్థాయికి తగిన పుస్తకాల జాబితా ఇచ్చి అవే చదివించాలి.

వాస్తవం: సలహాగా జాబితా ఇవ్వడంలో తప్పులేదు, అది ఆజ్ఞగా మారితేనే చిక్కు. 2010లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో పేద కుటుంబాల పిల్లలకు వరసగా మూడు వేసవులు, ఏటా పన్నెండు పుస్తకాలు ఇచ్చారు. ఆ పుస్తకాల్ని పిల్లలే ఎంచుకున్నారు. పుస్తకాలు అందని పిల్లలకంటే వీళ్ల పఠన ఫలితాలు మెరుగ్గా వచ్చాయి.

పుస్తకం మరీ కష్టమా కాదా అన్నది పిల్లలే తేల్చుకునే సులువైన పద్ధతి ఒకటుంది. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదువుతూ, అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేసరికి ఐదు వేళ్లూ మడిస్తే ఒంటరిగా చదవడానికి అది కాస్త బరువైన పుస్తకం. బరువని తేలినా లాక్కోకండి. డైనోసార్ల పిచ్చి ఉన్న పిల్లాడు తన స్థాయికి మించిన పుస్తకాన్ని బొమ్మలు, పటాల కింది వాక్యాలు, సూచిక పట్టుకుని ఈదేస్తాడు. దానితోపాటు అదే విషయం మీద తేలిక పుస్తకం ఇంకొకటి చేతిలో పెట్టండి.

అపోహ: మొదలుపెట్టిన పుస్తకం పూర్తిచేయాల్సిందే.

వాస్తవం: ఇరవై పేజీలు చదివాక నచ్చకపోతే వదిలేయవచ్చని మొదటి రోజే గట్టిగా చెప్పండి. నచ్చని పుస్తకం సంచిలో ఉన్నంతకాలం పిల్లలు ఇంకో పుస్తకం తీయరు, అలా వారాలు గడిచిపోతాయి. వదిలేసినప్పుడు ఎందుకు వదిలేశారో ఒక్క ముక్క అడగండి. "మొదట్లో ఏమీ జరగట్లేదు" అంటే వేగంగా నడిచే కథ ఇవ్వాలి. "పేర్లు గుర్తుండట్లేదు" అంటే తక్కువ పాత్రలున్నది ఇవ్వాలి. ఇది పరీక్షలా అనిపించకుండా మామూలుగా అడగాలి.

అపోహ: కామిక్స్, ఆడియో పుస్తకాలు చదువు కిందికి రావు.

వాస్తవం: వస్తాయి. కార్డులో గడి నింపేటప్పుడు వాటికి తేడా చూపించొద్దు. ఒకే సిరీస్‌లో పది భాగాలు వరసగా చదవడం, చదివిందే మళ్లీ చదవడం కూడా అంతే. సిరీస్‌లో పాత్రలూ ఊరూ ముందే తెలుసు గనుక ప్రతి పుస్తకంలో మొదటి అధ్యాయం దగ్గర పడే శ్రమ ఉండదు. గబగబా చదవగలిగే అలవాటుకు ఇలాంటి పుస్తకాలు తోడ్పడతాయి.

అపోహ: పుస్తకాల వేట ఆటవిడుపు మాత్రమే.

వాస్తవం: పుస్తకాల వేట అంటే చీటీల్లోని ఆధారాలు పట్టుకుని షెల్ఫుల్లో పుస్తకాలు వెతికే ఆట. బాగా తయారుచేస్తే వేసవి మొత్తంలో ఎక్కువ నేర్పేది ఇదే. ఆట ముగిసేసరికి, ఎవర్నీ అడక్కుండా తనకు కావలసిన పుస్తకం వెతుక్కోవడం పిల్లలకు వచ్చేస్తుంది.

మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణ (ఒక్కో విషయానికి ఒక్కో నంబరిచ్చి, పుస్తకాల్ని ఆ నంబర్ల వరసలో పెట్టే పద్ధతి) వాడే లైబ్రరీల్లో పిల్లలు తడబడేది ఒకే చోట, చుక్క తర్వాత. గురుగ్రహం పుస్తకాలు 523.45 దగ్గర, ఉల్కల పుస్తకాలు 523.5 దగ్గర ఉంటాయి. నలభై ఐదు ఐదుకంటే పెద్దది కదా అని పిల్లలు గురుగ్రహం కోసం ఉల్కల అవతల వెతుకుతారు. 523.5ను 523.50 అని రాసి చూపించండి, వెంటనే తెలిసిపోతుంది. వేట మొదలుపెట్టే ముందు ఐదు నంబర్ల చీటీలిచ్చి వరసలో పెట్టించండి. ఈ ఐదు నిమిషాలు వదిలేస్తే వేటంతా మీ చుట్టూనే తిరుగుతుంది.

పదిహేనుమంది పిల్లలుంటే ముగ్గురేసి ఐదు జట్లు చేయండి. ఆధారాలు అందరికీ అవే ఇచ్చినా వరస మార్చాలి, లేకపోతే అందరూ ఒకే షెల్ఫు దగ్గర గుమిగూడి తోసుకుంటారు. ఈ ఈడు పిల్లలు ఇష్టపడే చోట్లకే పంపండి: డైనోసార్లు 567.9, రహస్య లిపులు 652.8, కామిక్స్ 741.5, ఇంద్రజాలం 793.8. చీటీని పుస్తకం లోపల పెడితే ఎవరో ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లిపోతారు. పుస్తకం వెడల్పులో అట్టముక్క కత్తిరించి, చీటీ దానికి అంటించి, పుస్తకాల మధ్య నిలబెట్టండి. తీసిన పుస్తకాన్ని తిరిగి షెల్ఫులో పెట్టొద్దని, బల్లమీదే ఉంచమని మొదటే చెప్పండి. తప్పుచోట పెట్టిన పుస్తకం పోయినట్టే లెక్క.

అపోహ: చేతిపనులకు బోలెడు సామాను కావాలి, వాటికీ చదువుకీ సంబంధం లేదు.

వాస్తవం: ఒక్క ఏ4 కాగితం, ఒక కత్తెర ఉంటే ఎనిమిది పేజీల చిట్టి పుస్తకం తయారవుతుంది. జిగురు కూడా అక్కర్లేదు. మామూలు జిరాక్స్ కాగితమే వాడండి, మందపాటిది మడతల దగ్గర పైకి లేస్తుంది.

ముందు కాగితాన్ని నిలువుగా, పొడవాటి అంచులు కలిసేలా మడిచి విప్పాలి. తర్వాత పొట్టి అంచులు కలిసేలా ఒకసారి, అదే దిశలో ఇంకోసారి మడిచి విప్పితే ఎనిమిది గడులు పడతాయి. మళ్లీ పొట్టి అంచులు కలిసేలా ఒక్కసారే మడవాలి. ఇప్పుడు మడత ఉన్న వైపు నుంచి మధ్య గీత వెంట ఒక గడి పొడవు మాత్రమే కత్తిరించాలి. కాగితం విప్పి, నిలువుగా మడిచి, రెండు చివరలూ లోపలికి నెడితే చీలిక తెరుచుకుని కూడిక గుర్తులా నిలబడుతుంది. దాన్ని చుట్టూ తిప్పి మడిస్తే పుస్తకం. ఒక్కో పేజీ సుమారు 7.4 సెంటీమీటర్ల వెడల్పు, 10.5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది.

పొరపాటు ఎప్పుడూ కత్తెర దగ్గరే. మడత వైపు కాకుండా తెరిచి ఉన్న అంచు నుంచి కత్తిరిస్తే చీలిక మధ్యలో కాకుండా రెండు చివర్లా పడుతుంది, పుస్తకం రాదు. కత్తిరించే ముందు అందరిచేతా మడతను పైకెత్తి చూపించమనండి. రెండోది, విప్పిన కాగితం మీద సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. అందుకే మడిచాక పెన్సిల్‌తో పేజీల నంబర్లు వేయించి, ఆ తర్వాతే విప్పి రాయించాలి. రాసేది ఒకవైపే కాబట్టి ఒక్క జిరాక్స్‌తో ఎన్ని ప్రతులైనా తీయొచ్చు, అంచుల్లో అర సెంటీమీటరు ఖాళీ వదిలితే అక్షరాలు కోసుకుపోవు. చదివిన కథకు వేరే ముగింపు, ఒక పాత్ర దినచర్య, రహస్య లిపి పట్టిక, ఏదైనా రాసుకోనివ్వండి. తయారైన వాటిని షెల్ఫులో ముఖచిత్రం కనబడేలా పెట్టండి. తోటివాళ్లు రాసిందని తెలిస్తే పిల్లలు వెతుక్కుంటూ వచ్చి చదువుతారు.

అపోహ: సొంతంగా చదవడం వచ్చాక చదివి వినిపించడం అనవసరం.

వాస్తవం: పదకొండేళ్ల పిల్లలు కూడా చెవులు రిక్కించి వింటారు. మొదటి అధ్యాయం పది నిమిషాలు చదివి, తలుపు తెరుచుకోబోయే చోట ఆపేయండి. ఆ పుస్తకం ప్రతులు కనీసం మూడు బల్లమీద సిద్ధంగా ఉండాలి. ఒక్కటే ఉంటే అది ఒకరికి దక్కుతుంది, మిగతావాళ్ల ఉత్సాహం వచ్చే వారానికి చల్లారిపోతుంది.

అపోహ: కార్యక్రమాన్ని సీరియల్‌లా నడిపితే పిల్లలు వారం వారం తప్పకుండా వస్తారు.

వాస్తవం: సెలవుల్లో ప్రయాణాలుంటాయి, చుట్టాలొస్తారు. నడిమి వారాల్లో హాజరు పడిపోవడం మామూలే. పోయిన వారం మొదలుపెట్టిన పనిని ఈ వారం కొనసాగించాలంటే, మధ్యలో రాని పిల్ల వచ్చి దిక్కులు చూస్తుంది. ప్రతి సమావేశం గంటా గంటంబావులో మొదలై అక్కడే ముగియాలి. మొదటి పది నిమిషాలు ఎప్పుడొచ్చినా కలిసిపోయే పని పెట్టండి: బల్లమీద విప్పాల్సిన సంకేత లిపి చీటీ, లేదా పేరు దాచిన పుస్తకంలోని మొదటి వాక్యం చూసి ఏ అట్టదో పోల్చే ఆట. ఆలస్యంగా వచ్చిన పిల్ల కూడా ఎవర్నీ అడక్కుండా ఒక చీటీ తీసుకుని కూర్చోగలగాలి.