అపోహలు - వాస్తవాలు: విశాఖ బస్సు, పొగ, మెట్టు

నగర రవాణా ప్రణాళికలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. టేపు పట్టుకుని బస్‌స్టాపుల్లో మెట్లూ ఫుట్‌పాత్‌లూ కొలవడం నా పనిలో పెద్ద భాగం. మద్దిలపాలెంలో నిలబడినా, గాజువాకలో నిలబడినా జనం నోట వినపడే మాటలు కొన్ని ఒకటే. వాటిలో కొన్నింటికి నాకు తెలిసినంతలో జవాబులివి.

అపోహ: మనది సముద్రపు ఊరు, గాలికి పొగంతా పోతుంది.

2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది. ఊరి రూపం దీనికి ఒక కారణం. ఇటు యారాడ కొండ, అటు సింహాచలం కొండలు, నడుమ పాత ఊరు గిన్నెలా ఉంటుంది. పగటి గాలి సముద్రం వైపు నుంచి వస్తూ పోర్టు దుమ్మును కూడా ఇళ్ల మీదికే మోసుకొస్తుంది. చలికాలం రాత్రుళ్లు గాలి నిలిచిపోతే ఆ గిన్నెలో ఉన్నది అక్కడే ఉంటుంది. తప్పంతా వాహనాలదే అనను. కానీ పోర్టు దుమ్ముకైనా కొంత దూరం ఉంటుంది. జగదాంబ దగ్గర సిగ్నల్లో ఆగిన బస్సు పొగ నేరుగా పక్కన బండి మీద కూర్చున్న పిల్లాడి ముక్కులోకే పోతుంది.

అపోహ: కరెంటు కూడా బొగ్గుదే. ఎలక్ట్రిక్ బస్సుతో ఒరిగేదేముంది?

ఇది న్యాయమైన ప్రశ్న. లెక్క వేసే చెబుతాను. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సిటీ బస్సు లీటరుకు 4 కిలోమీటర్లు పోతుందనుకుంటే, కిలోమీటరుకు ముప్పావు కిలోకి కాస్త తక్కువ. ఎలక్ట్రిక్ బస్సుకు కిలోమీటరుకు ఒక యూనిట్ పైచిలుకు కరెంటు కావాలి. దేశం మొత్తం సగటున ఒక యూనిట్ తయారీకి 0.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఈ రోజుకి రెండూ ఇంచుమించు సమానం, ఒక్కోసారి ఎలక్ట్రిక్ బస్సుదే కాస్త ఎక్కువ. ఈ మాట దాచిపెట్టి ఎలక్ట్రిక్ బస్సులకు ప్రచారం చేయడం నాకిష్టం లేదు.

అయినా ఆ బస్సే కావాలంటాను. డీజిల్ బస్సు పాతబడేకొద్దీ పొగ పెరుగుతుంది. ఎలక్ట్రిక్ బస్సు మాత్రం గ్రిడ్‌లోకి సౌర విద్యుత్తు వచ్చేకొద్దీ, తాను మారకుండానే శుభ్రపడుతుంది. పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు కేంద్రం ఉంది. దాని జలాశయం మీదే 2021లో 25 మెగావాట్ల తేలియాడే సౌర పలకలు పెట్టారు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఎంత దూరం నడవాలో అర్థమవుతుంది. ఊళ్లో పొగ తగ్గించి బూడిదను పరవాడ జనానికి వదిలేస్తే నా పని సగమే అయినట్టు.

ఈ లెక్కలో జనం మరిచిపోయేది ఇంకొకటుంది. లీటరు పెట్రోలుకు 50 కిలోమీటర్లిచ్చే బండి మీద ఒక్కరే పోతే కిలోమీటరుకు 46 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. నలభై మంది ఎక్కిన మామూలు డీజిల్ బస్సులో మనిషికి 17 గ్రాములు. కాబట్టి బస్సు ఏ ఇంధనంతో నడుస్తుందన్నదానికంటే ముందు అందులోకి ఎవరు ఎక్కగలుగుతున్నారన్నది చూడాలి.

అపోహ: ఎత్తుపల్లాల ఊరు, బ్యాటరీ బస్సు ఎక్కలేదు.

2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుపతి నుంచి తిరుమల ఘాట్ ఎక్కుతున్నాయి. కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది కూడా. ఆ కొండ ఎక్కిన బస్సుకి మన హనుమంతవాక ఎత్తు ఒక లెక్క కాదు.

తుపానొస్తే ఎలా అంటారు. 2014 హుద్‌హుద్ చూసినవాళ్లు అడగాల్సిన మాటే. అప్పుడు కరెంటు లేక పెట్రోలు బంకుల దగ్గర కూడా బారులు తీరిన సంగతి గుర్తు చేసుకోండి. డిపోలో జనరేటరు, కొన్ని డీజిల్ బస్సులు ఉంచుకోవాలి. అంతవరకే.

అపోహ: ర్యాంపులు, లోఫ్లోర్ (నేల కిందికి ఉండే) బస్సులు దివ్యాంగుల కోసం. వాళ్లెంతమంది బస్సెక్కుతారు?

ఎక్కలేని బస్సు ముందు నిలబడి, ఎక్కేవాళ్లు లేరనడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం రవాణా సౌకర్యాన్ని హక్కుగానే రాసింది. ఇక ఎంతమంది అన్న మాటకి నాకు జవాబిచ్చింది జాలరిపేట వైపు స్టాపులో ఒక చేపలమ్మే అవ్వ. ఆడవాళ్లకు స్త్రీశక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి టిక్కెట్టు లేదు కదా, ఆటోకి డబ్బులెందుకు పెడుతున్నావమ్మా అని అడిగాను.

"గంపెట్టుకొని ఆ మెట్టెక్కలేకపోతన్నాను బాబూ. టిక్కెట్టు ఊరకే ఇచ్చినా కాలు లెగాలి కదా."

ఆ మెట్టు కొలిచాను. ఆవిడ మోకాలి దాకా ఉంది. మోకాళ్ల నొప్పులవాళ్లు, నిండు చూలాలు, చంకలో పిల్లతో ఉన్న తల్లి, కేజీహెచ్‌కి పోయే రోగి, వీళ్లందరినీ ఆ మెట్టే ఆపుతోంది.

అపోహ: లోఫ్లోర్ బస్సులు కొంటే చాలు.

నా పనిలో పదేపదే ఎదురయ్యే పొరపాటు ఇదే. లోఫ్లోర్ బస్సు నేల రోడ్డు నుంచి 400 మిల్లీమీటర్ల ఎత్తు. స్టాపులో ఒక పక్కకి వంగే బస్సయితే 60 తగ్గుతుంది. 150 ఎత్తున్న ఫుట్‌పాత్‌ని ఆనుకుని ఆగితే మిగిలే తేడా 190. మీటరు పొడవు ర్యాంపు దించి, ఒకరు చెయ్యి వేస్తే చక్రాల కుర్చీ ఎక్కుతుంది. అదే బస్సు నడిరోడ్డు మీద ఆగితే తేడా 340. అదే ర్యాంపు గోడలా నిలబడుతుంది.

బస్సు నడిరోడ్డు మీద ఎందుకాగుతుంది? స్టాపు ముందు షేర్ ఆటోలు నిలబడతాయి, వెనక టిఫిన్ బండి ఉంటుంది. డ్రైవర్ని తిట్టి లాభం లేదు, ఆయనకు చోటే లేదు. ఆటోలకు స్టాపు దాటాక ఇరవై అడుగుల అవతల చోటు చూపించాలి. బండి వాళ్లను తరిమేయకుండా షెల్టరు పక్కకి జరపాలి. కోట్లు పెట్టి బస్సు కొనేవాళ్లకు ఈ చిన్న పని గుర్తుండదు. ఒకసారి ఒక కార్యాలయంలో ఈ కొలతలు చూపిస్తే, "ఇది బస్సుల ఫైలు, ఫుట్‌పాత్ మాది కాదు" అన్నారు. ప్రయాణికుడి కాలు మాత్రం ఆ రెంటి మీదా ఉంటుంది.

అపోహ: చప్పుడు లేని బస్సు అందరికీ హాయి.

చూపు లేనివారికి కాదు. వాళ్లు బస్సు రాకను ఇంజిను మోతతోనే పసిగడతారు. అందుకే ఎలక్ట్రిక్ వాహనాలు గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో ఒక హెచ్చరిక శబ్దం చేయాలని అంతర్జాతీయ నియమం ఉంది. మన స్టాపుల్లో ఇంకొక శబ్దం కూడా కావాలి. తలుపు తెరుచుకోగానే బస్సు నంబరు, వెళ్లే ఊరు బయటికి వినపడాలి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తెల్లకర్రతో నిలబడి "ఏ నంబరండీ, ఏ నంబరండీ" అని వచ్చిన ప్రతి బస్సునీ అడుగుతున్న కుర్రాడి పక్కన నేను అరగంట నిలబడ్డాను. భీమిలి బస్సులు రెండు వచ్చి వెళ్లిపోయాక, మూడో దాంట్లో కండక్టరు దిగి అతని చెయ్యి పట్టుకున్నాడు.